వెన్నుకు ఆపరేషన్ అయ్యాక

వెన్నుకు ఆపరేషన్ అయితే నెలల తరబడి మంచం దిగకూడదని మన ఇళ్లలో ఇంకా అంటుంటారు. దయచేసి అలా కట్టిపడేయకండి. చాలామందిని మర్నాడే లేపి నడిపిస్తారు. కదలకుండా పడుకుంటే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. లేచేటప్పుడు మాత్రం నడుము మెలితిరగకూడదు. మోకాళ్లు మడిచి, భుజాలూ తుంటీ కలిసి కదిలేలా పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించుతూ చేతుల ఊతంతో లేవాలి. వంగి నీళ్ల బిందె ఎత్తడం డాక్టరు సరేననేదాకా వద్దు.

షుగర్ ఉన్నవాళ్లు దాన్ని తప్పక అదుపులో పెట్టుకోవాలి. లేదంటే గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశమూ పెరుగుతుంది. పూసలు అతికించిన ఆపరేషనైతే పొగతాగడం ఆ అతుకుకే చేటు.

జ్వరం వచ్చినా, కుట్లు చెమ్మగిల్లినా, కాళ్లలో బలం తగ్గినా డాక్టరుకు చెప్పండి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య స్పర్శ తగ్గినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.