దినచర్యలో ఒక ఘడియ
(ధార్మికోపన్యాస పాఠం)



మన పూర్వులు అహోరాత్రాన్ని 60 ఘడియలుగా విభజించారు. ఒక ఘడియ అంటే 24 నిమిషాలు. ఆ 60 ఘడియలను ఉద్యోగానికి, ప్రయాణానికి, వంటకు, పిల్లల చదువులకు, నిద్రకు పంచిపెడుతున్నాం. మన దేహం కోసం, మనస్సు కోసం ప్రత్యేకించి ఒక్క ఘడియనైనా ఉంచుకొంటున్నామా? ఈ ప్రశ్నను ఈనాడు మీ ముందు ఉంచదలచాను.

తెల్లవారకముందే లేచి పిల్లలకు క్యారియర్లు కట్టి, అత్తమామలకు వేళకు మందులందించి, తాను మాత్రం చల్లారిన కాఫీ త్రాగే ఇల్లాలు ఉన్నది. దుకాణం విడిచి రాలేక మధ్యాహ్న భోజనాన్ని సాయంత్రం చేసే గృహస్థు ఉన్నాడు. మంచం పట్టిన తల్లికి రాత్రింబవళ్లు సేవచేస్తూ కంటినిండా నిద్ర ఎరుగని కుమారుడు ఉన్నాడు. వీరందరూ ధర్మాన్ని ఆచరిస్తున్నవారే. అయినా తమను తాము చూసుకోవడం స్వార్థమేమో అన్న శంక వీరిని వదలదు. ఆ శంకకు సమాధానం మన వాఙ్మయంలోనే ఉన్నది.

కాళిదాసు కుమారసంభవంలో పార్వతీదేవి తపస్సు చేస్తూండగా శివుడు బ్రహ్మచారి వేషంతో వస్తాడు. శక్తికి మించకుండానే తపస్సు చేస్తున్నావా అని అడిగి, ధర్మసాధనకు శరీరమే మొదటి ఉపకరణమని గుర్తుచేస్తాడు. భగవద్గీత ఆరవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు సైతం అతిగా తినేవానికీ, బొత్తిగా తిననివానికీ, అతిగా నిద్రించేవానికీ, నిద్ర మానినవానికీ యోగం కుదరదన్నాడు. తపస్సుకూ యోగానికీ వర్తించిన ఈ మితం సంసారానికి మాత్రం వర్తించదా?

తిరుమల క్షేత్రాన్ని చూడండి. సుప్రభాతంతో మేల్కొన్న స్వామికి దినాంతంలో ఏకాంతసేవ జరుగుతుంది. భోగ శ్రీనివాసమూర్తిని పాన్పుపై శయనింపజేస్తారు. తాళ్లపాక వంశీయులు లాలిపాట పాడుతారు. తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇస్తారు. భక్తుల రద్దీ ఎంత ఉన్నా స్వామికి పవళింపు వేళ అంటూ ఒకటి ఉన్నది. జగత్తును పాలించే దేవునికి నిద్ర అవసరమా అంటే, కాదు. అయినా ఆయన దినచర్యలో విశ్రాంతిని చేర్చిన పెద్దలు దానిని సేవగానే భావించారు. విశ్రాంతి సేవకు విరుద్ధం కాదని ఆ సంప్రదాయం మనకు బోధిస్తున్నది.

అన్నమాచార్యుల బాల్యకథ మీకు తెలిసినదే. కొండ ఎక్కుతూ మోకాళ్లపర్వతం వద్ద ఆకలితో, అలసటతో సొమ్మసిల్లిన ఆ బాలునికి అలమేలుమంగమ్మ వృద్ధ ముత్తైదువ రూపంలో దర్శనమిచ్చింది. పాదరక్షలు విడిచి ఎక్కమని హితవు చెప్పి, ప్రసాదం తినిపించి ఆకలి తీర్చింది. ఆ తరువాతనే అతని నోట శతకం వెలువడింది. భక్తుడైతే ఆకలిని లెక్కచేయరాదని ఆ తల్లి అనలేదు. ముందుగా అన్నం పెట్టింది.

ఇక ఆచరణ విషయం. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్యకు ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. శిరస్సుకు, చెవులకు, పాదాలకు విశేషించి తైలాభ్యంగనం చేయాలన్నాడు. వ్యాయామం సగం బలం మేరకే చేయాలన్నాడు. మరొక అధ్యాయంలో ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు వంటివాటిని బలవంతంగా ఆపుకోరాదని హెచ్చరించాడు. పనుల ఒత్తిడిలో మనం నిత్యం ఆపుకొనేవి సరిగ్గా ఇవే కదా!

తీరిక దొరికినప్పుడు చూద్దామనుకొంటే ఆ ఘడియ ఎన్నటికీ రాదు. సంధ్యావందనానికి వేళ ఉన్నట్లే దీనికీ వేళ ఉండాలి. దేవుని వద్ద దీపం వెలిగించిన వెంటనే అని నియమం పెట్టుకొంటే మరువడం కష్టం. సెల్‌ఫోను మరొక గదిలో ఉంచండి. కొంతసేపు నడవండి, కొంతసేపు నిదానంగా శ్వాసను గమనించండి, మిగిలిన సమయం మౌనంగా కూర్చోండి. ఒక్కసారిగా 24 నిమిషాలు కుదరనివారు ఉదయం సగం, సాయంత్రం సగం చేసుకోవచ్చు. ఒకరోజు తప్పితే మరునాడు మళ్లీ మొదలుపెట్టండి.

ఇందులో కుటుంబసభ్యుల బాధ్యత ఎక్కువ. ఇల్లాలు ఒంటరిగా ఈ నియమాన్ని నిలుపుకోలేదు. ఆ ఘడియలో పిల్లలను చూసుకోవడం, పెద్దలకు మంచినీరు అందించడం మిగిలినవారు పంచుకోవాలి. మంచం పట్టినవారికి సేవచేసేవారిని వారానికొక పూటైనా తోబుట్టువులు విడిపించాలి. అలసిన చేతులతో చేసే సేవలో విసుగు చేరుతుంది. ఆ విసుగు మాటలోకి వస్తే బాధపడేది సేవ పొందేవారే. ఎన్నాళ్లైనా అలసట తీరకపోయినా, నిద్ర పట్టకపోయినా మొహమాటపడక వైద్యుని సంప్రదించాలి.

యాత్రికులకు ఒక్క మనవి. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు దర్శనమయ్యేవరకు మందులు మానడం, వైద్యుని అడగకుండా కటిక ఉపవాసం ఉండడం భక్తికి కొలమానాలు కావు. మెట్లమార్గంలో అలసినచోట కూర్చోండి, నీరు త్రాగండి.

దాతలైన మీరు అన్నదానానికి, గోసంరక్షణకు ఉదారంగా ఇస్తున్నారు. ఆ చేతులు చిరకాలం ఇస్తూ ఉండాలంటే వాటి యోగక్షేమాలూ చూడాలి. ఈ రోజు సన్నిధిలో గోత్రనామాలు చెప్పుకొనే వేళ, రోజుకొక ఘడియను ఈ దేహరక్షణకు కేటాయిస్తామని కూడా సంకల్పం చెప్పుకొనవలసినదిగా ప్రార్థిస్తున్నాను.

స్వస్తి.