ఒత్తిడి వేళ చేదు జ్ఞాపకాలు

పరీక్షలు, అప్పులు, ఇంట్లో అనారోగ్యం... ఒత్తిడి ఏ రూపంలో వచ్చినా ఎప్పుడో పడిన అవమానాలు, భయాలు మళ్లీ పైకి తేలుతుంటాయి. భయం వేసినప్పుడు శరీరంలో విడుదలయ్యే అడ్రినలిన్, కార్టిజాల్ హార్మోన్లు ఆ సంఘటనను మెదడులో గట్టిగా ముద్రిస్తాయి. తర్వాతెప్పుడైనా గుండె అలాగే దడదడలాడితే ఆ జ్ఞాపకమూ కదులుతుంది. ఒక వాసన, చప్పుడు, తేదీ కూడా అందుకు చాలు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అలాంటి విపత్తును కళ్లారా చూసినవారికి ఏళ్ల తర్వాత కూడా ఈదురుగాలికి పైకప్పు రేకులు టపటపమంటే ఒళ్లు జలదరించవచ్చు. అది పిరికితనం కాదు.

మరిచిపోవాలని పంతం పట్టడం మాత్రం దండగ. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని కొందరికి చెబితే అదే వాళ్ల మనసులో మెదులుతూ వచ్చిందని 1987లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ బృందం చూపించింది. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దనే మాట తెలిసిన తెలుగువారికి ఇది వింతేమీ కాదు. జ్ఞాపకాన్ని రానిచ్చి, ధ్యాసను ఇప్పటి క్షణానికి తిప్పుకోవడం మేలు. పాదాలు నేలకు ఆనించి, పీల్చినదానికంటే ఎక్కువసేపు ఊపిరి వదులుతూ, ఎదురుగా కనిపించే వస్తువుల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటే దడ తగ్గుతుంది. జరిగినది కాగితం మీద పెట్టడం కొందరికి సాయపడుతుంది. రాసిన వెంటనే మాత్రం మనసు మరికాస్త బరువెక్కవచ్చు. మద్యంతో మరుపు వెతుక్కుంటే నిద్ర చెడుతుంది.

పీడకలలు, ఉలికిపాటు నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యులను కలవాలి. కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.