కారులో వైఫైకి నెలనెలా డబ్బు కట్టాలా?

(మన సంఘం జహీరాబాద్ శాఖ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల సమావేశంలో డీఏ లెక్కలు అయిపోయాక టీ తాగుతుంటే ఒక సభ్యుడు నన్ను పక్కకు పిలిచారు. వాళ్లబ్బాయి కొత్త కారు కొనబోతున్నాడట. కారులోనే ఇంటర్నెట్ వస్తుందని, మొదట కొన్నాళ్లు ఉచితమని, ఆ తర్వాత ఏటా కొంత కట్టాలని షోరూంలో చెప్పారట. "నువ్వు టెలిఫోన్ డిపార్టుమెంటులో చేసినవాడివి కదా, అది కట్టదగిన డబ్బేనా?" అని అడిగారు. అదే మాట మరో ఇద్దరు కూడా అడగడంతో కార్యదర్శిగారు ఈ రోజు పావుగంట నాకు కేటాయించారు. నేను ఎక్స్ఛేంజీలో వైర్ల మధ్య గడిపినవాణ్ణి, ఉపన్యాసకుణ్ణి కాను. తెలిసినంత చెబుతాను.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. కారులో వైఫై అనే ఒకే మాటతో రెండు వేరువేరు సంగతులు చెబుతున్నారు. ఒకటి, కారు తెర మన సెల్‌ఫోను దగ్గర ఇంటర్నెట్ అరువు తీసుకోవడం. పాటలకూ, దారి చూపించే మ్యాపుకూ అది పనికొస్తుంది. అక్కడ ఇచ్చేది మన ఫోను, పుచ్చుకునేది కారు. రెండోది దీనికి తిరగేసినది. కారులోనే ఒక సిమ్ ఉండి, అది టవర్‌తో మాట్లాడి, లోపల కూర్చున్న వాళ్ల ఫోన్లకు ఇంటర్నెట్ పంచడం. దీన్నే కారు హాట్‌స్పాట్ అంటారు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 2014లో 4జీతో ఇది మొదలుపెట్టారు. ఒకేసారి ఏడు ఫోన్ల వరకు తగిలించుకోవచ్చు. అప్పట్లో మూడు నెలలో, మూడు జీబీలో, ఏది ముందు అయిపోతే అంతవరకు ఉచితంగా ఇచ్చారు. ఆ తర్వాత చందా. 2017లో అక్కడ పరిమితి లేని డేటాకు నెలకు 20 డాలర్లు పెట్టారు.

మన దేశంలో సిమ్ ఉన్న కార్లు జనంలోకి వచ్చింది 2019లో. ఆ ఏడు మే నెలలో హ్యుందాయ్ వెన్యూ, జూన్‌లో ఎంజీ హెక్టర్, ఆగస్టులో కియా సెల్టోస్ వచ్చాయి. తర్వాత మన ఊళ్లో ఫ్యాక్టరీ ఉన్న మహీంద్రా వారి కార్లలోనూ వచ్చింది. ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని షోరూం కుర్రవాడు చెప్పడు, బహుశా అతనికి తెలియదు. కారులో ఉండే సిమ్ మన జేబులో సిమ్ లాంటిది కాదు. యంత్రాలు యంత్రాలతో మాట్లాడుకోవడానికి ఇచ్చే సిమ్‌లకు మన టెలికం శాఖ 2018లో వేరే పద్ధతి పెట్టింది. వాటికి 13 అంకెల నంబరు. ఎవరికి ఫోన్ చేయాలో, ఏ కంప్యూటరుకు డేటా పంపాలో ముందే నిర్ణయించి కట్టడి చేయాలని ఉత్తర్వు. అందుచేత మన కార్లలో ఆ సిమ్ ముఖ్యంగా కారు సొంత పనులకే: కారు ఎక్కడుందో చెప్పడానికి, తాళం పడిందో లేదో చూడడానికి, అత్యవసర బటన్ నొక్కితే సహాయ కేంద్రానికి కాల్ కలపడానికి. మీ మనవడి వీడియోలకు అది దారి ఇస్తుందా లేదా అన్నది ప్రతి మోడల్‌కూ విడిగా అడిగి తెలుసుకోవలసిందే. "ఇంటర్నెట్ కారు" అని రాసి ఉంటే హాట్‌స్పాట్ ఉన్నట్టే అనుకోకండి.

ఇక ఉందనే అనుకుందాం. దానికి డబ్బు కట్టాలా?

మనందరికీ పాత టెలిఫోన్ బిల్లు గుర్తుండే ఉంటుంది. రెండు నెలలకోసారి వచ్చేది. కాల్స్ చేసినా చేయకపోయినా అద్దె మాత్రం తప్పేది కాదు. ఊరికి వెళ్లి నెల రోజులు తాళం వేసినా అద్దె పడేది. ఎందరో నా దగ్గరికి వచ్చి దెబ్బలాడిన సంగతి అది. కారు హాట్‌స్పాట్ చందా కూడా అద్దె లాంటిదే. కారు గ్యారేజీలో ఉన్నా మీటరు తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి నెలకు ఎన్ని గంటలు కారులో ఉంటారు, ఆ గంటల్లో ఎంత డేటా కావాలి అన్నది చూసుకోవాలి.

మన లెక్కే వేద్దాం. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ వందకు పై చిలుకు కిలోమీటర్లు, రెండున్నర గంటల ప్రయాణం. ఒక పిల్లవాడు మామూలు నాణ్యతతో వీడియో చూస్తే గంటకు సుమారు అర జీబీ. రెండున్నర గంటలకు ఒకటింబావు. ఇద్దరు పిల్లలు వేరువేరుగా చూస్తే రెండున్నర జీబీ. 2024 జూలైలో రేట్లు పెంచిన తర్వాత జియోలో 299 రూపాయలకు 28 రోజులపాటు రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చారు. భార్యాభర్తలిద్దరి ఫోన్లలో అలాంటి రీచార్జి ఉంటే రోజుకు మూడు జీబీ. అంటే పిల్లలిద్దరూ హైదరాబాద్ దాకా చూసినా ఇంకా అర జీబీ మిగులుతుంది. పైగా మన వయసు వాళ్లం ఆ డేటాలో వాడేది ఎంత? వాట్సాప్‌లో శుభోదయాలు, రెండు భజనలు. మిగిలింది రాత్రి పన్నెండుకు పోతుంది, మర్నాటికి జమ కాదు. ఇప్పటికే డబ్బు కట్టి వదిలేస్తున్న డేటా ఉండగా ఇంకోచోట కొత్త అద్దె ఎందుకు? ఫోనులోనే హాట్‌స్పాట్ ఉంది. అది నొక్కితే చాలు.

కారు హాట్‌స్పాట్‌కు ఒక గుణం లేకపోలేదు. కారు ఇనుప పెట్టె. లోపలి ఫోనుకు సిగ్నల్ కొంత తగ్గి అందుతుంది. సిమ్ ఉన్న కారుకు పైకప్పు మీద ఏరియల్ ఉంటే అది సిగ్నల్ బాగా పట్టుకుంటుంది, మన ఫోను బ్యాటరీ ఖర్చు కాదు. నిజమే. అయితే మన 65వ నంబరు జాతీయ రహదారి మీద సదాశివపేట దాకా, ఆపైన పటాన్‌చెరు దాకా ఆ తేడా పెద్దగా తెలియదు. ఝరాసంగం సంగమేశ్వరుడి దర్శనానికి లోపలి దారిలో పోయేటప్పుడు కొంత తెలియవచ్చు. టవరే లేని చోట మాత్రం ఏ ఏరియలూ ఏమీ చేయలేదు. బావిలో నీళ్లు లేకపోతే ఇత్తడి బొక్కెన వేసినా ఒకటే. కారు సిమ్ ఏ కంపెనీదో మనం ఎంచుకునేది కూడా కాదు. మీ ఊళ్లో ఆ కంపెనీ సిగ్నల్ బాగుందో లేదో కొనక ముందే చూసుకోవాలి.

పాత కారుకు తగిలించే పెట్టెలూ వచ్చాయి. 2023 నవంబరులో జియోమోటివ్ అని ఒకటి 4,999 రూపాయలకు విడుదలైంది. స్టీరింగ్ కింద మెకానిక్ తనిఖీకి వాడే సాకెట్ ఉంటుంది, దానిలో గుచ్చాలి. మొదటి ఏడాది ఉచితం, తర్వాత ఏడాదికి 599 అని అప్పుడు చెప్పారు. అది వైఫై కూడా ఇస్తుంది. అయితే వాడేది మీ జియో నంబరు మీద ఉన్న డేటానే. అంటే వైఫై కోసం చూస్తే, ఉన్న నీళ్లకే కొత్త కుళాయి. కారు ఎక్కడుందో ఫోనులో చూసుకోవడానికి, దొంగ భయానికి అయితే వేరే మాట. డ్రైవరుకు బండి అప్పగించేవారికి అది పనికొచ్చే వస్తువే.

ఇప్పుడు నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఆవిడను నెలకు రెండుసార్లు వైద్యం కోసం హైదరాబాద్ తీసుకువెళ్తున్నాం. తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు నీరసం. డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి అది తెల్లవారే వేళ. దారి పొడవునా తల్లి ముఖం చూస్తూ మాట్లాడుతుంది. ఆ గంట మా ఇద్దరికీ మందు కన్నా ఎక్కువ. ఒక సాయంత్రం సదాశివపేట దాటాక టైరు పంక్చరైంది. చీకటి పడుతోంది. అల్లుడి ఫోను అప్పటికే హాట్‌స్పాట్‌గా నడుస్తూ బ్యాటరీ పది శాతానికి వచ్చింది. నా ఫోనును మేము ఎప్పుడూ విడిగా, నిండుగా ఉంచుతాం. ఆ ఫోనుతోనే పంక్చర్ షాపు అతన్ని పిలిపించాం. ఆ వేళ అక్కరకొచ్చింది వైఫై కాదు, మామూలు కాల్. అందుకే నా మనవి, హాట్‌స్పాట్ ఒక ఫోనులోనే పెట్టండి, రెండోది ముట్టుకోకండి. జాతీయ రహదారి మీద సహాయానికి 1033, అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనా 112. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందుబాటులో ఉంటే 112 కాల్ దాని మీదుగా పోతుంది. దీనికి చందా లేదు.

ఇంతకీ చందా మొత్తం దండగ అనడం లేదు. ఆ చందాలో అత్యవసర బటన్, ప్రమాదం జరిగితే కారు తనంతట తాను సహాయ కేంద్రానికి కబురు పెట్టడం వంటివి కలిసి ఉంటే, ఒంటరిగా నడిపే పెద్దవారికి, రాత్రిళ్లు తిరిగే పిల్లలకు నేను కట్టమనే అంటాను. వెన్యూ వచ్చినప్పుడు ఈ సేవలు మూడేళ్లు ఉచితంగా ఇచ్చారు. ఆ గడువు అయిపోయాక ఏమేమి ఆగిపోతాయో కాగితం మీద రాయించుకోండి. వైఫైకి వేరే రేటు, రక్షణకు వేరే రేటు ఉంటే రెండోది మాత్రం తీసుకోండి. రెండూ ఒకే మూటగా కట్టి అమ్ముతుంటే రక్షణ కోసం ఎంత ఇస్తారో మనసులో అనుకుని దానితో పోల్చి చూడండి. వైఫైని లెక్కలో సున్నా వేయండి.

అమెరికా పిల్లల సంగతి కొంచెం వేరు. అక్కడ దూరాలు ఎక్కువ. చాలా ఫోన్ పథకాల్లో హాట్‌స్పాట్‌కు కొంత డేటా వరకే పూర్తి వేగం ఇస్తారు. ముగ్గురు పిల్లలతో వందల మైళ్లు తిరిగే ఇంటికి పరిమితి లేని కారు వైఫై గిట్టుబాటు కావచ్చు, అదీ సెలవుల నెలల్లో. వాళ్లకు మనం ఇక్కడి నుంచి పాఠం చెప్పనక్కరలేదు. అయితే అక్కడ జరిగిన ఒక సంగతి మనకు పనికొస్తుంది. 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ సంస్థ తన 3జీని పూర్తిగా ఆపేసింది. 3జీ మీద నడిచే పాత కార్లు చాలా వాటిలో ఈ సేవలు మూగబోయాయి. ఇంజన్ బాగానే ఉంది, టైర్లు బాగానే ఉన్నాయి, లోపలి రేడియోకు మాత్రం మాట్లాడే టవరు లేదు. ఫోను నాలుగేళ్లకు మారుస్తాం. మన ఇళ్లలో కారు పదిహేనేళ్లు ఉంటుంది. చాలా ఏళ్లకు కలిపి ఒకేసారి చందా కడితే తగ్గింపు ఇస్తామన్నప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

మరో రెండు చిన్న జాగ్రత్తలు. చందా డబ్బు కార్డు నుంచి దానంతట అదే పోయే ఏర్పాటు ఉంటే, 2021 అక్టోబరు నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం డబ్బు తీయడానికి 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. వద్దనుకుంటే అప్పుడే రద్దు చేసుకోవచ్చు. ఆ సందేశాలను ప్రకటనలనుకుని తుడిచేయకండి. ఇక కారు అమ్మేటప్పుడు ఆర్‌సీ మార్చినట్టే ఫోనులోని ఆ కారు ఖాతా కూడా తీయించాలి. లేకపోతే కారు కొత్తవారి ఇంట్లో ఉన్నా అది ఎక్కడికి పోతోందో మీ ఫోనులో కనబడుతూ ఉంటుంది. మీరు పాత కారు కొన్నా ఇదే అడగండి.

పాటలు, మాటలు మాత్రమే కావాలనుకునేవారికి కారులో రేడియో ఉండనే ఉంది. మన పక్కనే మాచనూరులో 2008 నుంచి సంఘం రేడియో నడిపిన ఆడపడుచుల గొంతు వినడానికి ఏ నెల అద్దె కట్టామండీ?

టీ సిద్ధమైందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. ఫోనులో హాట్‌స్పాట్ పెట్టడం రానివారు టీ తర్వాత నా దగ్గరికి రండి. పాస్‌వర్డ్ పెట్టుకోవడం, ఇల్లు చేరగానే ఆపేయడం కూడా చూపిస్తాను. కళ్లజోడు మరిచిపోకుండా తెచ్చుకోండి, అక్షరాలు చిన్నవి.