మూడో ఏడాది ఖర్చు ఎవరిది?

   

ఈరోజు పట్టాలు అందుకున్న మీలో కామర్స్ చదివినవాళ్లున్నారు, సైన్సు చదివినవాళ్లున్నారు. అందరికీ పనికొచ్చే విషయం ఒకటి ఎంచుకున్నాను. పేదవాడికి మంచినీళ్లూ మరుగుదొడ్డీ అందించే పనిలో ప్రైవేటు వ్యాపారానికి చోటుందా? ఉంటే ఎంతవరకు?

గోదారి పాయల మధ్య ఉన్న మన కోనసీమలో ఈ ప్రశ్న ఎందుకని బయటివాళ్లు అడగొచ్చు. ఇటు గౌతమి, అటు వశిష్ఠ, నడుమ వైనతేయ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు మన ఊళ్లను సస్యశ్యామలం చేశాయి. కానీ మీకు తెలుసు, సముద్రం వైపు పోయేకొద్దీ, సఖినేటిపల్లి, అంతర్వేది దిక్కున, బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి. వేసవిలో కాలువ కట్టేస్తే మంచినీళ్ల చెరువులో నిలవ ఉన్నదే దిక్కు. కాలువ చివరి ఊళ్లకు నీళ్లు చేరేసరికి పై ఊళ్ల మురుగు కూడా కలిసి వస్తుంది. అందుకే ఊరూరా మినరల్ వాటర్ ప్లాంట్లు వెలిశాయి, ఆటోల్లో టిన్నులు తిరుగుతున్నాయి.

పేదలకు తక్కువ ధరకు శుద్ధమైన నీళ్లు అమ్మాలన్న ఆలోచనను మన దేశంలో తొలినాళ్లలో గట్టిగా పరీక్షించింది మన డెల్టాల్లోనే. అప్పటి కృష్ణా జిల్లా బొమ్మినంపాడులో 2005–06 ప్రాంతంలో వాటర్‌హెల్త్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ, నాంది ఫౌండేషన్‌తో కలిసి ఒక కేంద్రం పెట్టింది. అతినీలలోహిత కిరణాలతో సూక్ష్మజీవులను చంపే ఆ పద్ధతిని రూపొందించింది అశోక్ గాడ్గిల్ అనే, భారత్‌లో పుట్టిన శాస్త్రవేత్త. 1990ల మొదట్లో మన దేశంలో ప్రబలిన కొత్తరకం కలరా ఆయన్ను ఆ పనికి పురిగొల్పింది. కొంత పెట్టుబడి ఊరు పెట్టుకోవాలి, మిగిలినది అప్పు, నీళ్లమ్మిన డబ్బుతో ఆ అప్పు తీరాలి. అదీ లెక్క. గోదావరి అవతల పశ్చిమ గోదావరి పల్లెల్లో బైర్రాజు ఫౌండేషన్ కూడా దాదాపు అదే కాలంలో ఊరి కమిటీలతో నీటి ప్లాంట్లు నడిపించింది.

ఆ తర్వాత 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. సత్యం కంపెనీ అధిపతుల కుటుంబం నడిపిన బైర్రాజు ఫౌండేషన్‌కు నిధుల దారి మూసుకుపోయింది. దాత చెయ్యి ఆగిన రోజున ఒక ప్లాంటు బతుకుతుందా లేదా అన్నది యంత్రం నాణ్యత మీద ఆధారపడదు. టిన్ను ధరలోంచి కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం పోగా, నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మార్చడానికి ఏమైనా మిగులుతోందా? ఆ మిగులు ఎవరి ఖాతాలో ఉంది? మొదటి ఏడాది ఏ ప్లాంటయినా నడుస్తుంది. రిబ్బన్ కత్తిరించినవాళ్లు మూడో ఏడాది రారు. 2014 అక్టోబర్ 2న రాష్ట్ర ప్రభుత్వం 2 రూపాయలకు 20 లీటర్లంటూ ఎన్టీఆర్ సుజల స్రవంతి మొదలుపెట్టింది. ఉద్దేశం మంచిదే, కానీ ప్రకటించినంత విస్తారంగా అది నడవలేదు. 2 రూపాయలు పేదవాడికి న్యాయమైన ధరే. అయితే ఆ ధరకీ అసలు ఖర్చుకీ మధ్య తేడాను ఎవరు భరిస్తారో ముందే కాగితం మీద రాసుకోవాలి.

ఈ నగరం గ్రామం గడ్డ మీద నిలబడి నిర్వహణ గురించి మాట్లాడుతూ 2014 జూన్ 27 తెల్లవారుజామును తలుచుకోకుండా ఉండలేను. తుప్పు పట్టిన గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వేసేటప్పుడున్న శ్రద్ధ కాపాడేటప్పుడు లేకపోతే ఏం జరుగుతుందో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నీటి పైపు పేలదు. అది పాడైతే ఇంటికొకరు చొప్పున, ఎవరికీ వార్త కాకుండా, పిల్లలు విరేచనాలతో మంచాన పడతారు.

టిన్నుకు ఇంకో హద్దు ఉంది. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లని లెక్కగట్టింది. నలుగురున్న ఇంటికి అది 220 లీటర్లు. టిన్నులో ఉన్నవి 20. టిన్ను 10 రూపాయలనుకుంటే ఒక్క టిన్నుకే నెలకు 300. కూలి దొరకని వారం ఆ ఇల్లు ఏ నీళ్లు తాగుతుందో మీరు ఊహించగలరు. చేతులు కడుక్కోవడానికి, బాలింతకు స్నానానికి కుళాయే ఉండాలి. కుళాయి బాధ్యత పంచాయతీది, ప్రభుత్వానిది. దాన్ని పూర్తిగా కంపెనీకి అప్పగించి ధర కూడా దాని చేతిలోనే పెడితే ఏమవుతుందో బొలీవియాలోని కొచబాంబా చూపించింది. 2000లో బిల్లులు పెరిగి జనం వీధుల్లోకి వచ్చారు, ఒప్పందం రద్దయింది.

మరుగుదొడ్డి సంగతి నీళ్లకంటే కష్టమైనది. మంచినీళ్లకు జనం డబ్బిస్తారు. మన మలం ఎక్కడికి పోతోందన్న దానికి ఇవ్వరు, ఎందుకంటే నష్టం పక్కింటివాళ్లది. భూగర్భజలం పైపైనే ఉండే కోనసీమలో గుంట తవ్వితే ఊట వస్తుంది. ఆ గుంటే రేపు పక్కింటి బావిని పాడుచేస్తుంది. సెప్టిక్ ట్యాంకు నిండితే బండివాడు వచ్చి లాగేసి, చూసేవాళ్లు లేకపోతే కాలువలోనో డ్రెయిన్‌లోనో వదిలేస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు. పారబోయడానికి అతనికి ఒక చోటు చూపించాలి. 2016లో వరంగల్ నగరపాలక సంస్థ ఈ బండ్లకు లైసెన్సులు, నిబంధనలు పెట్టింది. మనకు మరీ దగ్గర, వశిష్ఠ దాటితే నరసాపురంలో, సెప్టిక్ ట్యాంకు వ్యర్థాన్ని శుద్ధి చేసే కేంద్రం కట్టారు. కట్టింది ప్రైవేటు సంస్థ. ప్రైవేటు నైపుణ్యం, పురపాలక సంఘం అజమాయిషీ కలిస్తే పని జరుగుతుందనడానికి నేను చూపే ఉదాహరణ అదే.

రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా చావులు ఆగలేదు. చనిపోయేది ఎక్కువగా అణగారిన కులాల బిడ్డలే. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న జిల్లాలో యంత్రంతో, చేతి తొడుగులతో, బీమాతో ఈ పనిని గౌరవమైన వ్యాపారంగా మార్చడం మన వంతు అని నా నమ్మకం. ఆ బండికి యజమానులుగా ఇన్నాళ్లూ ఆ పని చేసినవాళ్ల పిల్లలే ఉండాలి. బ్యాంకు అప్పు వాళ్లకే ముందు దొరకాలి.

కాబట్టి నా తీర్పు ఇది. నీళ్లలో, పారిశుద్ధ్యంలో వ్యాపారానికి చోటుంది. యంత్రం నడపడం, నీళ్లు పరీక్షించడం, బండి తోలడం, లెక్కలు రాయడం వ్యాపారులు బాగా చేస్తారు. చెరువు, పైపు, ధర మాత్రం ఊరి చేతిలోనే ఉండాలి. కొనలేని ఇంటి వాటా పన్నుల్లోంచి రావాలి.

మిమ్మల్ని ఒక్కటి కోరుతున్నాను. ఈ వేసవిలో కాలువ కట్టేయకముందే మీ ఊరి గ్రామసభకు వెళ్లండి. మంచినీళ్ల చెరువు ఎన్ని రోజులకు సరిపోతుందో, ఫిల్టర్ ఇసుక ఎప్పుడు మార్చారో, సెప్టిక్ బండి ఎక్కడ ఖాళీ చేస్తోందో అడగండి. జవాబు మినిట్స్ పుస్తకంలో రాయించండి. కామర్స్ విద్యార్థులు లెక్క చూడండి, సైన్సు విద్యార్థులు నీళ్లు పరీక్షించండి.