ఆ ఆయాసం పేరు నీరసం కాదు

(మహిళా కార్యకర్తల ఆరోగ్య శిక్షణలో ఒక డాక్టరు చేసిన ప్రసంగం)



నేను ఛాతీ జబ్బులు చూసే డాక్టరుని. నా దగ్గరికి వచ్చే యాభై ఏళ్ళ ఆడవాళ్ళలో చాలామంది అప్పటికే నాలుగైదు చోట్ల తిరిగిన వాళ్ళు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కాళ్ళవాపు. రక్తం తక్కువనో, నీరసమనో టానిక్కు రాసి పంపించేస్తారు. బీడీ తాగుతావా అని అడుగుతారు గానీ పొయ్యి సంగతి అడగరు. కందికంప, పత్తికట్టె, పిడకలు పెట్టి ముప్ఫై ఏళ్ళు ఊదిన పొయ్యి ఆమె కేసు షీటులో ఎక్కడా ఉండదు.

లోపల జరిగేది కొంచెం వివరంగా చెప్తాను. శరీరంలో మిగతా చోట్ల ఆక్సిజన్ తగ్గితే రక్తనాళాలు వెడల్పవుతాయి. ఊపిరితిత్తుల్లో మాత్రం ముడుచుకుంటాయి. 1946లో స్వీడన్‌లో ఫన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద ప్రయోగాలతో దీన్ని చూపించారు. నిజానికి ఇది మంచి ఏర్పాటే. గాలి అందని భాగానికి రక్తం పంపి లాభమేమిటి? అందుకే గాలి ఉన్న వైపుకి మళ్ళిస్తుంది. కానీ ఏళ్ళ తరబడి పొగ పీల్చి ఊపిరితిత్తులంతా దెబ్బతింటే మళ్ళించడానికి చోటేదీ? నాళాలన్నీ ముడుచుకునే ఉంటాయి.

అంతటితో ఆగదు. ఆక్సిజన్ తగ్గితే కణాల్లో 'హిఫ్' అనే ప్రోటీన్ నిలదొక్కుకుని కొన్ని జన్యువుల్ని పనిలోకి దించుతుంది. కణాలు ఆక్సిజన్‌ని ఎలా పసిగడతాయో తేల్చినందుకే 2019లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ఎండోథెలిన్, పీడీజీఎఫ్ లాంటివి పెరుగుతాయి. పీడీజీఎఫ్ గ్రోత్ ఫాక్టర్, అంటే కణాలకి 'పెరగండి' అని చెప్పే పదార్థం. నాళం గోడలో కండరం మందమై లోపలి దారి సన్నబడుతుంది. ఆ ఇరుకులోకి రక్తం తోసీ తోసీ గుండె కుడి భాగం అలిసిపోతుంది. కాళ్ళవాపు అప్పుడే. అలాగని గ్రోత్ ఫాక్టర్లన్నీ శత్రువులు కావు. వీఈజీఎఫ్ నాళాల లోపొరని కాపాడుతుంది. 2001లో ఎలుకల్లో దాని పనిని అడ్డుకుని, ఆక్సిజన్ కూడా తగ్గిస్తే నాళాలు మూసుకుపోయాయి.

ఈ గుండె జబ్బుని ఢిల్లీ ఆడవాళ్ళలో డాక్టర్ ఎస్. పద్మావతి 1950లలోనే గుర్తించారు. పొగతాగే అలవాటు లేని వాళ్ళకి ఎందుకొస్తోందని వంటింటి వైపు చూశారు. అంత పాత సంగతి ఇది! సిలికోసిస్ 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది, 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఉంది. వంటింట్లో పీల్చిన పొగ మాత్రం ఏ చట్టం లెక్కలోకీ రాలేదు, ఎందుకంటే వంట పని కాదు కదా!

వైద్యంలోనూ ఇదే తంటా. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయిన వాళ్ళకి రోజుకి 15 గంటలైనా ఆక్సిజన్ పెడితే ఎక్కువ కాలం బతుకుతారని 1980, 81లలో అమెరికా, బ్రిటన్ పరిశోధనలు తేల్చాయి. కానీ ఆక్సిజన్ గొట్టంతో మంట దగ్గరికి వెళ్ళకూడదు, అంటుకుంటుంది. మరి ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తారు? నేనీ మాట అడిగితే భర్తలు, కొడుకులు చాలాసార్లు నేల చూపులు చూస్తారు. 2016లో మొదలైన ఉజ్వల కనెక్షన్ చాలా ఇళ్ళలో ఉంది. సిలిండరు మళ్ళీ నింపించే డబ్బు ఆమె చేతిలో ఉండదు.

మీరు ఊళ్ళలో చేయగలిగింది ఒకటి చెప్తాను. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు కోవిడ్ తర్వాత చాలాచోట్ల దొరుకుతోంది. ఆయాసమన్న మనిషికి కూర్చున్నప్పుడు ఒకసారి, ఆరు నిమిషాలు నడిపించి ఇంకోసారి చూడండి. కూర్చున్నప్పుడు బాగానే ఉండి, నడిస్తే పడిపోవచ్చు. అంకెలు రెండూ చీటీ మీద రాయండి. కింద 'కట్టెల పొయ్యి, ఇన్నేళ్ళు' అని కూడా రాసి, గుండెకి ఎకో పరీక్ష చేయించమని ఆ చీటీతో పెద్దాసుపత్రికి పంపండి.