అగ్రరాజ్యం బరువు ఎవరి భుజం మీద?

(రాజవొమ్మంగి సభలో చేసిన ప్రసంగ పాఠం)



అగ్రరాజ్యం అంటే ఏంటని పిల్లలు అడిగితే పుస్తకం రెండు ముక్కల్లో తేల్చేస్తుంది: డబ్బూ, సైన్యమూ ఉన్న దేశం. ఆ డబ్బు ఎవరిని పిండితే వచ్చింది, ఆ తుపాకీ ఎవరి భుజాన పెట్టారు? అది మాత్రం చెప్పదు.

జవాబు కోసం లండన్ దాకా పోనక్కర్లేదు. మనం కూర్చున్న ఈ ఊళ్లోనే ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు పోలీసు ఠాణాలు. అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటం దొర, మల్లు దొర, వాళ్ల వెనక కొండ జనం. ఇక్కడి ఠాణాలో బంధించిన వీరయ్య దొరని విడిపించుకుపోయారు. సభల్లో రాజుగారి బొమ్మకి దండ వేసేవాళ్లు గంటం దొర పేరు ఎత్తరు. ఎందుకు ఎత్తరో మనకి తెలుసు.

ఠాణాల మీదే ఎందుకు పడ్డారు? తుపాకులు అక్కడున్నాయి గనక. మరి ఈ కొండల్లోకి తుపాకులు ఎందుకొచ్చాయి? అడవి కోసం. 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. తాతలనాటి పోడు నేరమైంది, కట్టెపుల్లకి కూడా అనుమతి కావలసొచ్చింది. దేశమంతా రైలు పట్టాల కింద పరిచే దుంగలు సర్కారుకి అడవిలోంచే రావాలి మరి. తర్వాత నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా ఘాట్ రోడ్డు. గూడెం తాసిల్దారు బాస్టియన్ ఆ పనికి మన్యం వాళ్లనే తోలాడు, కూలి డబ్బులు సరిగా ఇవ్వలేదు. ఆ రోడ్డు ఎందుకనుకున్నారు? సరుకు కిందికి దిగడానికి, సిపాయిలు పైకి ఎక్కడానికి. డబ్బుకో రోడ్డు, సైన్యానికో రోడ్డు వేరే ఉండవు.

మొదటి ప్రపంచ యుద్ధం గెలిచిన సామ్రాజ్యం అది. ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రం దాటారు. పైగా 10 కోట్ల పౌండ్లు మనమే ‘కానుక’గా ఇచ్చామట! అంతటి రాజ్యానికి ఈ కొండల్ని అణచడానికి రెండేళ్లు దగ్గర దగ్గర పట్టింది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. మలబారు పోలీసుల్ని దించారు, 1924లో అస్సాం రైఫిల్స్‌ని తెచ్చారు. వాళ్లూ పేదింటి బిడ్డలే. మే 7న రాజుని కాల్చారు, జూన్‌లో గంటం దొరని.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1923లో, లండన్‌లో బాబాసాహెబ్ రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చువేశారు. అంతకుముందే 1915లో కంపెనీ పాలన ఆదాయం, ఖర్చుల లెక్కలు విప్పారు. సుబేదారు కొడుకు ఆయన. 1818లో కోరెగావ్‌లో మహర్లు కంపెనీ పక్షాన పోరాడారు. సామ్రాజ్యం కుదురుకున్నాక, 1890లలో, అదే మహర్లని ‘యోధ జాతి’ కాదని సైన్యంలోకి రానివ్వలేదు. మళ్లీ 1941లో, ఇంకో యుద్ధం మెడ మీదికొస్తేనే మహర్ రెజిమెంట్ పెట్టారు. అవసరం తీరితే అంటరానివాడు, అవసరమైతే వీరుడు.

ఆ సూర్యుడు అస్తమించని రాజ్యం 1946లో అమెరికా దగ్గర 375 కోట్ల డాలర్లు అప్పు తీసుకుంది. అది తీరేసరికి 2006 అయింది. సోవియట్ యూనియన్‌కి అణుబాంబులు వేలల్లో ఉన్నాయి, కొట్లలో సరుకు లేదు. 1991లో పోయింది.

ఇప్పుడు మన దేశం కూడా అగ్రరాజ్యం కావాలంటున్నారు. కానివ్వండి. కానీ విమానానికి అల్యూమినియం కావాలి, అల్యూమినియానికి బాక్సైట్ కావాలి, బాక్సైట్ ఎక్కడుంది? అరకు, అనంతగిరి, చింతపల్లి, జెర్రెల కొండల్లో. మళ్లీ అవే కొండలు!

1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి గనుల లీజు చెల్లదంది. సర్కారు సంస్థ తవ్వొచ్చనే దారి మాత్రం మిగిలింది. ఆ సందులోంచే 2005 తర్వాత ఒప్పందాలు దూరాయి: తవ్వేది సర్కారు, తీసుకునేది కంపెనీ. 2015లో 97వ నెంబరు జీవో ఇచ్చారు. జనం గోల చేస్తే 2019లో రద్దు చేశారు. జీవో పోయింది గానీ బాక్సైట్ కొండలోనే ఉంది. రేపు ఇంకో కాగితం రావొచ్చు.

అందుకని ఒక పని పెట్టుకుందాం. 1996 పెసా చట్టం గ్రామసభని అడగాలని చెబుతోంది. సమత తీర్పులో ముఖ్యమైన భాగం తెలుగులో రాసి, ప్రతి ఊళ్లో గ్రామసభలో గట్టిగా చదవాలి. చదువొచ్చిన మాల మాదిగ పిల్లలు, ఆదివాసీ పిల్లలు ఇద్దరిద్దరు జతగా వెళ్లండి. ఈ సభ అయ్యాక మర్రిచెట్టు కింద పేర్లు రాసుకుంటాం, ఏ ఊరికి ఎవరు వెళ్తారో చెప్పండి.