డేటా సెంటర్‌కు అన్నీ ఇస్తారు, భూమి ఇచ్చే రైతుకు ఏమిస్తారు?

(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



విశాఖకు గూగుల్ డేటా సెంటర్ తెచ్చే ఒప్పందం 2025 అక్టోబరు 14న ఢిల్లీలో జరిగింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. తర్లువాడ, అడవివరం, రాంబిల్లిలో భూములు చూశారు. పరిశ్రమ వద్దని మనం అనడం లేదు. దాని భారం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పమంటున్నాం.

డేటా సెంటర్ అంటే పెద్ద పెద్ద భవనాల్లో వేలాది కంప్యూటర్లు. అవి రాత్రీపగలూ నడవాలి, వేడెక్కకుండా చల్లబరచాలి. కట్టేటప్పుడు కూలి పని దొరుకుతుంది. కట్టాక నడపడానికి కావలసిన మనుషులు తక్కువే. అందులోనూ మన పిల్లలకు ఎన్ని ఉద్యోగాలో రాతపూర్వకంగా అడగాలి.

కరెంటు లెక్క చూడండి. ఈ ప్రాజెక్టు 1 గిగావాట్ అంటున్నారు. పూర్తిగా నడిస్తే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. మన 5 హెచ్‌పీ మోటారు 9 గంటలు తిరిగితే సుమారు 34 యూనిట్లు. అంటే దాదాపు 7 లక్షల మోటార్ల కరెంటు ఇదొక్కటే తింటుంది. రైతుకిచ్చే ఉచిత కరెంటు భారమని మాట్లాడే పెద్దలు, డేటా సెంటర్ల పాలసీలో కంపెనీలకిచ్చే రాయితీల దగ్గర ఎందుకు నోరు మెదపరు?

ఇక నీళ్లు. రైవాడ నీళ్లు సాగుకే ఇవ్వాలని అక్కడి రైతులు ఏళ్ల తరబడి పోరాడుతున్నారు. ఆ నీళ్లు విశాఖ నగరానికి పోతున్నాయి. కొత్తగా వచ్చే కంపెనీకి నీళ్లు ఏ రిజర్వాయరు నుంచి, ఎన్ని ఇస్తారో ముందే చెప్పాలి.

అసలు సంగతి భూమి. డి-పట్టా భూమి సర్కారుదే, ఇచ్చింది పుచ్చుకోండి అంటే తలూపకండి. అసైన్డ్ రైతుకూ పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో మన హైకోర్టు చెప్పింది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే 80 శాతం మంది ఒప్పుకోవాలి. మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలుదారు, కూలీ కూడా బాధిత కుటుంబమే. అయితే 2018లో మన రాష్ట్రం చేసిన సవరణతో కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా లేకుండా చేసే దారి తెరిచారు. అందుకే మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు చేయవలసిన పనులు చెబుతాను. పట్టా, పాసుపుస్తకం, ఈ-పంట నమోదు, కౌలు కార్డు జిరాక్సులు తీసి దాచుకోండి. కార్డు లేని కౌలుదారు ఎరువుల రసీదులైనా దాచుకోవాలి. చదవకుండా, నకలు తీసుకోకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయొద్దు. దళారీకి అగ్గువకు అమ్ముకోవద్దు.

సర్కారును మనం అడిగేవి నాలుగు. ఒప్పందంలోని రాయితీలన్నీ తెలుగులో అచ్చువేసి గ్రామసభలో పెట్టాలి. కరెంటు, నీళ్ల లెక్క బయటపెట్టాలి. డి-పట్టా రైతుకు సమాన పరిహారం, కౌలుదారుకూ కూలీకీ పునరావాసం ఇవ్వాలి. ఇంటికొక ఉద్యోగం అన్నమాట కాగితం మీదికి రావాలి.

ఒక్కొక్కరుగా ఆఫీసుకు పోతే ఒక్కొక్కరికి ఒక్కో రేటు చెబుతారు. ఊరంతా కలిసి పోదాం, ఒకే మాట చెబుదాం.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!